ఫోటోలో ఎడమ చివర ఉన్నాయన

ఎప్పటిలాగే పొడుగు పోస్టు. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. నాది తమిళ మీడియం చదువని మీకు తెలుసు. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాకే పట్టుబడ్డాయి. తప్పులుంటే దిద్దండి, నవ్వుకున్నా పరవాలేదు.

పోయిన వారం మన గ్రూపులో ఒక చెల్లెలు 1984 ఉగాది ఫోటో పెట్టింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు, వెనక మామిడాకుల తోరణం, ముందు వరసలో ఇనుప కుర్చీలు. పాడుతున్న అక్కను అందరూ గుర్తుపట్టారు. తబలా ఆయన్ను కూడా ఇద్దరు ముగ్గురు పోల్చుకున్నారు. ఒక పిల్లవాడు మాత్రం అడిగాడు: "ఎడమ చివర ఉన్నాయన గిటారుకి నాలుగు తీగలే ఉన్నాయి, రెండు తెగిపోయాయా?"

తెగలేదు నాయనా. ఆ ఎడమ చివర ఉన్నాయన నేనే. అది బేస్ గిటారు. దానికి ఉండేదే నాలుగు.

దానికి జవాబు రెండు ముక్కల్లో రాసి ఊరుకుందామనుకున్నాను. ఇంతలో మన సావనీర్ కమిటీ తయారుచేస్తున్న పాత కార్యక్రమాల జాబితా నా చేతికి వచ్చింది. ప్రతి ఏడూ ఎవరు పాడారో పేర్లు వరసగా ఉన్నాయి. చివర "మరియు వాద్య బృందం" అని ఉంది. 1984కీ అంతే. ఆ మూడు మాటల్లో ఏడుగురు మనుషులున్నారు. అందుకే ఈ పొడుగు.

మొదట ఆ వాద్యం సంగతి. మామూలు గిటారులో లావుగా ఉండే నాలుగు తీగలున్నాయే, బేస్‌కు వాటి స్వరాలే, ఒక స్థాయి కింద. మన సంగీతంవాళ్ళ మాటలో అనుమంద్రం. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరం పలకాలంటే తీగ పొడుగ్గా ఉండాలి, 34 అంగుళాలు మామూలు కొలత. అందుకే ఆ మెడ అంత పొడుగు. లోకల్ రైల్లో దాన్ని పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరి మొహానికి తగిలేది.

ఇది రాకముందు ఆ పని డబుల్ బేస్ చేసేది. మనిషికన్నా ఎత్తు, వయోలిన్‌కు పెదనాయన లాంటిది. మద్రాసు స్టూడియోల్లో పాత తెలుగు, తమిళ పాటల రికార్డింగుల్లో గుమ్‌గుమ్‌మని నడిచేది అదే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ దాన్ని గిటారు ఆకారంలోకి తెచ్చి, మెడమీద వీణకున్నట్టు మెట్లు పెట్టి, కరెంటుకు తగిలించి అమ్మకానికి పెట్టాడు. మెట్లున్నందువల్ల స్వరం ఖచ్చితంగా పడుతుందని ప్రెసిషన్ బేస్ అని పేరు. పదేళ్ళు తిరిగేసరికి బీటిల్స్ వాళ్ళ పాల్ మెకార్ట్‌నీ భుజాన వయోలిన్ ఆకారపు హోఫ్నర్ బేస్ వేలాడింది. ఆ ఫోటో చూసి లోకంలో ఎంతమంది కుర్రాళ్ళు చెడిపోయారో లెక్కలేదు.

మా ఊరి వైపు అది రైలు పట్టాల వెంబడే వచ్చింది. బ్రిటిష్ రైల్వే కంపెనీలు పెద్ద జంక్షన్లలో కాలనీలు కట్టినప్పుడు పక్కనే ఇన్‌స్టిట్యూట్ కూడా కట్టాయి. అరక్కోణం, జోలార్‌పేట, పెరంబూరు, తిరుచ్చి పొన్మలై, అన్నిచోట్లా ఇదే వరస. చాలా ఊళ్ళలో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు. మొదటిదానిలో డాన్సులకు నునుపు చేసిన చెక్క నేల, పియానో, క్రిస్మస్‌కూ న్యూ ఇయర్‌కూ బ్యాండు. వాయించేవాళ్ళు ఎక్కువగా ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ పిల్లలు. మా నాయన లోకో షెడ్డులో ఫిట్టరు. పాట ఏదో, ఏ భాషో నాయనకు తెలీదు. గోడ అవతల నిలబడితే కడుపులో ఏదో కదిలినట్టుండేదని మాత్రం చెప్పేవాడు. నాయనకు తగిలింది బేసేనని నాకు పాతికేళ్ళు వచ్చాక తెలిసింది. గోడ దాటి వచ్చేది అదొక్కటే. సన్న స్వరాలు గోడ దగ్గరే ఆగిపోతాయి.

నేను 1980లో పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బేసిక్ 260 రూపాయలు. మరుసటేడు మా కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఆస్ట్రేలియాకు బయల్దేరింది. ఆ రోజుల్లో ఆ ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతుండేవి. వెళ్ళేవాళ్ళు మంచాలు, గ్రామఫోన్లు, కోళ్ళ గూళ్ళతో సహా అమ్మేసేవాళ్ళు. ఆ ఇంటి ఆంటీ తన పెనిమిటి బేస్ గిటారును గోడకు ఆనించి పెట్టింది. జపాన్ సరుకు, తలమీద పేరు చెరిగిపోయింది. ధర 1,400. అప్పట్లో కలకత్తా గివ్సన్ దానికన్నా చౌకగా దొరికేది. కానీ దీని మెడ చేతిలోకి రాగానే నా బుద్ధి చెడింది. వాయిదాల మీద తీసుకున్నాను. ఆమె విమానం ఎక్కేనాటికి ఇంకా 400 బాకీ ఉన్నాను. పెరంబూరులో ఉన్న వాళ్ళ చెల్లెలికి నెలనెలా తీసుకెళ్ళి ఇచ్చి తీర్చాను. మా అమ్మ మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ డబ్బుకు ఒక పాడి గేదె వచ్చేదని ఆమె బాధ.

వాద్యం వచ్చింది, తీగలెక్కడ? దిగుమతి సరుకు మీద సుంకాలు మండిపోయే కాలం. మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ ఉంది, 1842 నుంచి ఉన్న దుకాణం. అక్కడ అద్దంలోంచి చూసి వచ్చేవాణ్ణి. కొనేది సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, విరిగిన వయోలిన్లు, ఎవరి ఇంటి నుంచి వచ్చాయో అడగకూడని వస్తువులు, అన్నీ అక్కడే. 1985 మేలో అది కాలిపోయింది. ఆ జాగాలో మా రైల్వేవాళ్ళే లోకల్ రైళ్ళ స్టేషన్ కట్టారు. ఇప్పటికీ ఆ ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే నాకు కాలిన చెక్క వాసన వస్తుంది. మా ఆవిడ అది ఇడ్లీ కొట్టు పొగ అంటుంది.

కొత్త తీగలు దొరకనప్పుడు పాతవాటినే ఉడకబెట్టేవాళ్ళం. నిజంగానే. తీగ చుట్టలో చెమట, జిడ్డు, చర్మం పొట్టు చేరి శబ్దం మొద్దుబారుతుంది. విప్పి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు వేసి, తుడిచి ఆరబెడితే రెండు కచేరీల వరకు మళ్ళీ గణగణమంటాయి. ఒకసారి అవ్వ చూడకుండా చారు గిన్నెలో ఉడకబెట్టాను. ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఇక పెట్టె. బేస్‌కు సొంత ఆంప్లిఫయర్ లేకపోతే అది వాద్యం కాదు, కట్టె. కంపెనీ పెట్టె కొనే స్తోమత లేదు. రిచీ స్ట్రీట్‌లో 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, రేకు డబ్బా కొని, మా వీధి రేడియో మెకానిక్ చేత కట్టించాను. 15 అంగుళాల స్పీకరుకు ప్లైవుడ్ పెట్టె మా కార్పెంటర్ మామ చేశాడు. లోపల గదగద రాకుండా పాత పరుపులోని దూది కుక్కాము. బరువు చూసి ట్రూపులో దానికి శవపేటిక అని పేరు పెట్టారు. దూరం ఊళ్ళకు పోయేటప్పుడు దాన్ని బ్రేక్ వ్యాన్‌లో లగేజీగా బుక్ చేసేవాణ్ణి. తూకం వేసి, డబ్బు కట్టి, రసీదు తీసుకునే. పార్సిల్ గుమాస్తా సామాను ఊరికే ఎక్కిందంటే ఊరంతా మాట్లాడుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత చేసినా పదిహేనేళ్ళలో నేను వాయించింది చాలామంది వినలేదు.

ఆ కాలం మైక్ సెట్లు తెలుసు కదా. వేపచెట్టు మీద, గుడి గోపురం మీద కట్టే గొట్టం స్పీకర్లు. మాట మైలు దూరం పోవడానికి వాటిని మించినవి లేవు. కానీ సెకనుకు 200 ఊగుళ్ళ కింద ఉన్న శబ్దాన్ని అవి దాదాపు పలకవు. నా తీగలు ఉత్తినే మీటితే 41, 55, 73, 98. అంటే నేను వాయించే స్వరం గొట్టంలోకి పోదు, దాని నీడ మాత్రం పోతుంది. గాయకుడి గొంతు మూడూళ్ళకు వినిపించేది. నా బేస్ పందిట్లో మొదటి ఐదారు వరసలకు, అదీ నా శవపేటిక పలికినంత మేరకే. రేడియోకూ అదే జబ్బు. అరచేయంత స్పీకరున్న ట్రాన్సిస్టర్‌లో బేస్ వినబడదు. మరి పాటలో బేస్ ఎట్లా నేర్చుకునేది? సినిమా హాల్లో. తెర వెనక పెద్ద స్పీకర్లుంటాయి. నేల టికెట్‌లో, తెరకు దగ్గరగా కూర్చుని, కథ వదిలేసి కింది స్వరం పట్టుకునేవాణ్ణి. ఒక పాట కోసం నాలుగుసార్లు ఒకే సినిమాకు పోయిన రోజులున్నాయి. కథ అడిగితే చెప్పలేను.

1976లో అన్నక్కిళి వచ్చాక మాకు పని కష్టమైంది, గౌరవమూ వచ్చింది. ఇళయరాజా పాటల్లో బేస్ తబలా వెనక దాక్కోదు, తనే ఇంకొక పాట పాడుకుంటూ పోతుంది. ఆయన వాద్యబృందంలో బేస్ వాయించిన శశిధరన్‌గారి చేతిని అందుకోవాలని తమిళనాట ప్రతి ట్రూపులోనూ ఒకడు వేళ్ళు కాయలు కాయించుకున్నాడు. మనవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ ఇళయరాజా, తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్, సినిమాల్లో నిలదొక్కుకోకముందు మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి లైట్ మ్యూజిక్ ట్రూపులో వాయించినవాళ్ళే. ఆ తర్వాత ఇళయరాజా సహాయకుడిగా ఉన్నది జి.కె. వెంకటేష్ దగ్గర. ఆయన కన్నడ సినిమాల్లో పేరు తెచ్చుకున్న తెలుగు ఇంటి మనిషి. మద్రాసులో సంగీతానికి భాషల మధ్య గోడ సన్నగా ఉండేది. బేస్ లాగా అందరూ దాటేవాళ్ళు.

మా ట్రూపులో తెలుగువాళ్ళం ముగ్గురమే. కానీ తెలుగు పాటలు అడిగేవాళ్ళు మెండు. 1978లో మరోచరిత్ర మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. 1980లో శంకరాభరణం వచ్చి తమిళులకు కూడా తెలుగు పాటలు కంఠస్థం చేయించింది. ఇబ్బంది ఎక్కడంటే, మా గాయకులందరూ తమిళ అక్షరాలు చదివేవాళ్ళు. నేనూ అంతే. మా తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, మా తరం పిల్లలు చాలామందిమి తమిళ బడికి పోయాము. ఇంట్లో తెలుగు, పలకమీద తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. "బాధ" అని రాసినా "పాత" అని రాసినా కాగితం మీద ఒకటే కనిపిస్తుంది. కర్ణాటక సంగీతం పుస్తకాల్లో తమిళులు దీనికొక ఉపాయం చేశారు. అక్షరం నెత్తిన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. అంకె లేకపోతే క, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. నేను సినిమా పాటలను అట్లా రాసి గాయకులకు ఇచ్చేవాణ్ణి. అంకె మరిచిపోతే గాలి కాస్తా కాలి అయ్యేది. ఒకరోజు ఈ అంకెల గొడవకన్నా అక్షరాలు నేర్చుకోవడమే సులభమనిపించింది. గూడూరు నుంచి బదిలీ మీద వచ్చిన టికెట్ కలెక్టర్ అన్న ఒకాయన నైట్ డ్యూటీలో పార్సిల్ వే బిల్లుల వెనక నాకు ఒత్తులు దిద్దించాడు. ఈరోజు మీకు తెలుగులో రాస్తున్నానంటే దానికి కారణం పాఠశాల కాదు, మా లైట్ మ్యూజిక్.

ఒక రాత్రి గురించి చెప్పాలి. 1984 ఆడికృత్తిక రోజుల్లో తిరుత్తణి దగ్గర మన తెలుగు పల్లె ఒకటి. పందిరి, సీరియల్ లైట్లు, జనరేటర్. అక్కడ భూమి కనెక్షన్ సరిగ్గా లేదు. తీగ మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకు తగిలితే పళ్ళు జివ్వుమనేవి. ఇనుప కడ్డీ నేలలో దిగ్గొట్టి, గుంటలో ఉప్పు వేసి నీళ్ళు పోశాము. అంతవరకు మామూలే. మూడో పాటకు పిలకాయలు లేచి ఎగరడం మొదలుపెట్టారు. ఐదో పాట మధ్యలో నా పెట్టె గప్‌చిప్ అయింది. గాయకుడు పాడుతూనే ఉన్నాడు, గొట్టాలు మోగుతూనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఎగిరేవాళ్ళ కాళ్ళు తడబడ్డాయి. ఒక్కొక్కరే నిలబడిపోయారు, కొందరు కూర్చున్నారు. ఏం తగ్గిందో వాళ్ళకు తెలీదు, ఏదో తగ్గింది. మా డ్రమ్మర్ నా వైపు చూసి, ఎడమ చేత్తో తాళం ఆపకుండా, కుడి చేత్తో కర్రను నా పెట్టె వెనక్కి చూపించాడు. చూస్తే స్పీకరు వైరు ఊడి ఉంది. నోట్లో టార్చ్ పెట్టుకుని మెలితిప్పి తగిలించాను. గుమ్మని పలికింది. పందిరి మళ్ళీ లేచింది.

ఆ రాత్రికి నా కూలి 40 రూపాయలు. గాయకుడికి అంతకు నాలుగింతలు, కీబోర్డుకు రెండింతలు. నాకు దాని మీద కోపం లేదు. గాయకుడు లేకుండా టికెట్ తెగదు.

ఆఫీసులో మాత్రం ఒకసారి ఇరుక్కున్నాను. బయట డబ్బు తీసుకుంటే అనుమతి కావాలని నిబంధన. అర్జీ పెట్టాను. ఎనిమిది నెలలు అది బల్లలు తిరిగి, "బేస్ అనగా ఏమి, ఆదాయం ఎంత" అనే ప్రశ్నతో వెనక్కి వచ్చింది. రెండో ప్రశ్నకు జవాబు తీగలకే చాలదని రాశాను. అనుమతి వచ్చింది.

తర్వాత కథ త్వరగా అయిపోయింది. 1983లో యమహా డిఎక్స్7 కీబోర్డు వచ్చింది. 1986లో పున్నగై మన్నన్ పాటల్లో కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. సినిమాలో అయితే రెండూ కలిసి బతికాయి. 1989లో గీతాంజలి పాటలు విన్నవాళ్ళకు తెలుసు, 1992లో రోజా నుంచి రెహమాన్ దగ్గర కీత్ పీటర్స్ వాయించిన బేస్ విన్నవాళ్ళకూ తెలుసు. కానీ ట్రూపుల లెక్క వేరు. కీబోర్డాయన ఎడమచేత్తో బేస్ మీటగలడు, మీట నొక్కితే డ్రమ్స్ కూడా వస్తాయి. ఇద్దరి కూలి, ఇద్దరి భోజనం, శవపేటిక లగేజీ మిగులుతుంది. ఇంకా విచిత్రం ఏమంటే, అదే సమయానికి ఊళ్ళలోకి పెద్ద బాక్స్ స్పీకర్లు వచ్చాయి. పదిహేనేళ్ళు గొట్టాల వల్ల వినబడని బేస్ చివరికి ఊరంతా వినబడే రోజు వచ్చేసరికి దాన్ని వాయించే మనిషి అక్కర్లేకపోయాడు. 1996లో ట్రూపు మాస్టర్ మా ఇంటికే వచ్చి, కాఫీ తాగి, లేచేటప్పుడు "ఈసారికి నువ్వు రావద్దు తంబీ" అన్నాడు. ఆ ఈసారి ఇంకా అయిపోలేదు.

గిటారు ఇప్పటికీ బీరువా పక్కన ఉంది. నా ఎడమచేతి ఉంగరం వేలు మడిస్తే తెరుచుకోదు, రెండో చేత్తో లాగాలి. పెట్టెను మా పనిమనిషి కొడుకు పట్టుకుపోయి కోళ్ళను పెట్టుకున్నాడు. ఆంటీ ఇంట్లో మొదలైంది కాబట్టి సరిపోయింది.

సావనీర్ కమిటీవారికి నా విన్నపం. 1984 వాద్య బృందం పేర్లు రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. వాళ్ళ ఇళ్ళవాళ్ళను అడగకుండా ఇక్కడ పెట్టడం బాగుండదు. ఏడింటిలో ఆరు ఉన్నాయి. ఏడోది మా డ్రమ్మర్‌ది. బేస్, డ్రమ్స్ రెండూ ఒకే బండి చక్రాలు. పదమూడేళ్ళు అతని కుడికాలు చూస్తూ వాయించాను. అయినా అతని అసలు పేరు నాకు తెలీదు. అందరమూ పెట్టుడు పేరుతోనే పిలిచేవాళ్ళం, నేను ఎన్నడూ అడగలేదు. రాసేటప్పుడు ఆ గడి దగ్గర కలం ఆగిపోయింది. కమిటీని తప్పుపట్టడానికి కూర్చున్నవాణ్ణి నేనే.

ఫోటోలో కుడివైపు తబలా వెనక సగం మొహమే కనబడుతుంది, గిరజాల జుట్టు, చారల చొక్కా. తమిళం, తెలుగు రెండూ మాట్లాడేవాడు. పుళియాన్‌తోపు వైపు ఇల్లు. పగలు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేసేవాడు, వేళ్ళకు ఎప్పుడూ సిరా ఉండేది. ఎవరికైనా తెలిస్తే ఉగాది లోపల నాకు ఫోన్ చేయండి. నంబరు సంఘం డైరెక్టరీలో ఉంది.